కంది వేరు దగ్గరికి

తాండూరు వైపు కంది చేలు మొలకెత్తే రోజుల్లో మట్టిలో ఒక ప్రయాణం మొదలవుతుంది. ఆ ప్రయాణం రైజోబియం అనే బాక్టీరియాది. అది కంటికి కనిపించదు. దానికి సన్నని తోక ఉంటుంది. ఆ తోక తిప్పుతూ ఈదుతుంది.

ఎటు వెళ్లాలో దానికెలా తెలుస్తుంది? వంటింట్లో పోపు వేస్తే వీధిలో ఆడే పిల్లలు లోపలికి వచ్చేస్తారు కదా. లేత వేరు కూడా కొన్ని పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. ఆ జాడ పట్టుకుని బాక్టీరియా వేరు వైపు కదులుతుంది. లోపలికి చేరి బుడిపెలు కట్టిస్తుంది. అక్కడ గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెరలు ఇస్తుంది. ఎంత చక్కటి ఇచ్చిపుచ్చుకోవడం!

అయితే, ఈదాలంటే నీరు కావాలి. మట్టి రేణువుల చుట్టూ ఉండే పలుచని నీటి పొరే దాని దారి. తడి ఆరితే దారి మూసుకుపోతుంది. తడి ఉంటేనే కదలిక. అందుకే నేలకు పశువుల ఎరువు, ఆకుల ఎరువు తప్పక అందాలంటాను. అవి తడిని పట్టి ఉంచుతాయి.

రైతు మిత్రులారా, విత్తనానికి రైజోబియం పట్టిస్తే నీడలోనే ఆరబెట్టండి. పూతకు ముందు ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వి తీయండి. బుడిపెను కోసి చూడండి. లోపల ఎర్రగా ఉంటే, అది పనిచేస్తున్నట్టే.