బ్రేకు బిగింపు, దైవం

పూజ చేయించిన కారు క్షేమంగా ఆగిందంటే అది దేవుడి దయా, బ్రేకు బిగించిన చేతి చలవా? దైవమా, పురుషకారమా అన్న పాత ప్రశ్నకే ఇది కొత్త రూపం. దసరాకు హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో కార్లకు బంతిపూల దండలు పడతాయి, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి.

ఆ కార్ల వెనక చక్రాల లోపలికి చూస్తే ప్రశ్న తేటపడుతుంది. డిస్కును ప్యాడ్లతో పట్టి ఆపే కాలిపర్‌లలో కుడిదాన్ని ఎడమవైపు పెట్టినా చాలా కార్లలో బోల్టులు చక్కగా కూర్చుంటాయి. కానీ గాలి బయటికి తీసేందుకు పైన ఉండాల్సిన బ్లీడింగ్ నిపుల్ కిందికి పోతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది గనక ఎంత బ్లీడింగ్ చేసినా కొంత లోపలే మిగిలి, పెడల్ మెత్తగా దిగిపోతుంది. హ్యాండ్‌బ్రేకు కాలిపర్‌లోనే ఉంటే పిస్టన్‌ని చాలావాటిలో తిప్పుతూ లోపలికి పంపాలి. బలవంతంగా నొక్కితే లోపలి మర పాడవుతుంది. హోసు మెలిపడకూడదు. చక్రం ఎక్కించాక ఇవేవీ యజమాని కంటపడవు.

స్వకర్మతోనే ఈశ్వరుణ్ణి అర్చించవచ్చంటుంది గీత 18వ అధ్యాయం. భారతం అరణ్యపర్వంలో మిథిలలోని ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకుంటూనే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధిస్తాడు. ఆ లెక్కన నిపుల్ ఎటుందో చూసుకోవడమూ అర్చనే. నిమ్మకాయ దానికి బదులు కాదు. అలాగని పూజ వ్యర్థమనడం తొందరపాటు. ఎదురొచ్చే లారీ డ్రైవరు నిద్రమత్తు ఏ మెకానిక్ చేతిలోనూ లేదు. గీత అదే అధ్యాయం కార్యసిద్ధికి ఐదు కారణాలు చెబుతూ దైవాన్ని ఐదోదిగా లెక్కిస్తుంది. కర్త, పనిముట్లు, ప్రయత్నం దానికి ముందే వస్తాయి.