కుటుంబం కోసం మాటు వేసిన వేటగాడు

మాఘ బహుళ చతుర్దశి రాత్రి శివాలయాల్లో జాగరణ చేసే భక్తులకు ప్రవచనకారులు వినిపించే కథల్లో, తాను చేస్తున్నది పూజ అని తెలియకుండానే శివుణ్ణి అర్చించిన వేటగాడి వృత్తాంతం బాగా ప్రసిద్ధమైనది. శివపురాణంలోని కోటిరుద్రసంహిత చివరి అధ్యాయాల్లో, శివరాత్రి వ్రతవిధానాన్నీ, వ్రతం ముగించేటప్పుడు జరిపే ఉద్యాపన క్రమాన్నీ చెప్పిన వెంటనే సూతుడు ఈ కథ ఎత్తుకుంటాడు. వేటగాడి పేరు గురుద్రుహుడు. జాతికి భిల్లుడు, అంటే పశ్చిమ, మధ్య భారత అరణ్యాల్లో విల్లమ్ములను నమ్ముకుని బతికిన వనవాసి. శివరాత్రి మాహాత్మ్యాన్ని తెలుగులో కావ్యంగా రచించిన శ్రీనాథుడు ఈ భిల్లుణ్ణి కాక, దారి తప్పిన బ్రాహ్మణ యువకుడు సుకుమారుణ్ణి కథానాయకుడిగా తీసుకున్నప్పటికీ, తెలుగునాట జాగరణ వేళ వేటగాడి కథకు ఆదరణ తగ్గలేదు.

అయితే ప్రవచనాల్లో ఈ కథ తరచుగా ఒక్క విషయం దగ్గరే ఆగిపోతుంది. వేటగాడు మారేడు చెట్టెక్కి విల్లు ఎక్కుపెట్టినప్పుడల్లా అతని వెంట ఉన్న నీళ్లు కొన్ని, చెట్టు ఆకులు కొన్ని కిందనున్న శివలింగం మీద పడ్డాయనీ, తెలియక చేసిన ఆ నాలుగు జాముల పూజకే అతని పాపాలన్నీ పటాపంచలయ్యాయనీ చెప్పి ముగిస్తారు. ఉద్దేశం లేకుండా జరిగిపోయిన ఇటువంటి పుణ్యకార్యాన్ని అజ్ఞాత సుకృతం అంటారు. అది పురాణంలో ఉన్న మాటే, కాదనడానికి లేదు. కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుంటే, పరమేశ్వరుడు రాలిన ఆకులు లెక్కపెట్టుకుని ఫలం చెల్లించే గుమాస్తాగా కనిపిస్తాడు. ఆ రాత్రి గురుద్రుహుడు తెలియక చేసిన పనులతో పాటు తెలిసి చేసినవి కూడా ఉన్నాయి, కథకు ప్రాణం వాటిలోనే ఉంది.

పురాణం అతణ్ణి కుటుంబం గలవాడనీ, బలవంతుడనీ, క్రూరకర్ముడనీ ఒకే ఊపులో పరిచయం చేస్తుంది. రోజూ అడవికి పోయి మృగాలను చంపడం, దారులు కాచి దొంగతనాలు చేయడం అతని బతుకు. చిన్ననాటి నుంచి మంచి పని అంటూ ఒక్కటీ చేసి ఎరగడు. అంతటి వాణ్ణి ఆ రోజు అడవిలోకి నడిపించింది మాత్రం క్రౌర్యం కాదు. ముసలి తల్లిదండ్రులు, భార్య ఆకలితో అలమటిస్తూ తినడానికేమైనా తెచ్చిపెట్టమని అడిగితే అతడు విల్లందుకున్నాడు. అడవంతా గాలించినా ఒక్క జంతువూ చిక్కలేదు, ఇంతలో పొద్దు గుంకింది. ఇంట్లో బిడ్డలు, కన్నవాళ్లు, ఇల్లాలు తన కోసం ఎదురుచూస్తుండగా వట్టి చేతులతో గడప తొక్కడమెలాగన్న దిగులును పురాణకర్త అతని నోటనే పలికించాడు. పాపాత్ముడిగా పరిచయమైన మనిషి గృహస్థుగా పాఠకుడికి దగ్గరయ్యేది ఈ దిగులు వల్లనే.

తిరిగి తిరిగి అలసిన వేటగాడు చివరికి చేసేది చేశాడు. జంతువు ఎక్కడ మేసినా దాహానికి నీటి దగ్గరకు రాక తప్పదు కనుక, మృగాలు నీళ్లకు దిగే రేవును చూసుకుని, పక్కనున్న మారేడు చెట్టెక్కి మాటు వేశాడు. రాత్రి దాహమైతే తాగడానికి కాసిన్ని నీళ్లు కూడా తీసుకున్నాడు. మారేడు కొమ్మలకు సూదుల్లాంటి ముళ్లుంటాయి, ఆ చెట్టు మీద తెల్లవార్లూ కదలకుండా కూర్చోవడం సుఖమైన పనేమీ కాదు. జాము అంటే మూడు గంటలు, రాత్రికి నాలుగు జాములు. ఉపవాసం, జాగరణ అనే రెండు నియమాలూ, అవి నియమాలని తెలియని మనిషి చేత, ఇంటి మీది బెంగ ఒక్కటే చేయించింది.

మొదటి జాములో ఆడలేడి ఒకటి నీళ్లకు వచ్చింది. బాణం సంధించిన చప్పుడుకు తలెత్తి, ఏం చేయబోతున్నావని అడిగింది. తనవాళ్లు పస్తున్నారనీ, దాన్ని చంపి వాళ్ల ఆకలి తీరుస్తాననీ వేటగాడు దాచకుండా చెప్పాడు. ఒకరి ఆకలి తీర్చడానికి తన మాంసం పనికివస్తే అంతకన్నా ధన్యత లేదని లేడి ఒప్పుకుంటూనే, తన పిల్లలను చెల్లెలికో భర్తకో అప్పగించి వస్తానని గడువు కోరింది. వేటగాడు మొదట నమ్మలేదు. తిరిగి రాకపోతే ఫలానా ఫలానా పాపాలు తనకు తగులుతాయని లేడి ఒట్టు మీద ఒట్టు పెట్టుకున్నాక, వెళ్లిరమ్మన్నాడు. ఇంట్లో కుండ ఖాళీగా ఉన్న రాత్రి, చేతికందిన వేటను ఒక మృగం మాట మీద వదిలిపెట్టడం సామాన్యమైన సంగతి కాదు. లింగం మీద ఆకులు రాలింది అతనికి తెలియదు. వింటినారి సడలించింది మాత్రం తెలిసే, దాని వల్ల తనవాళ్లు ఇంకొన్ని గంటలు పస్తుండాలని కూడా తెలిసే. మొదటి పూజతో పాపం కొంత నశించింది గనుకనే అతనికి ఆ బుద్ధి పుట్టిందని పురాణాన్ని వ్యాఖ్యానించవచ్చు. అలా చెప్పుకున్నా, అనుగ్రహం పనిచేయడానికి దొరికిన చోటు మాత్రం పిల్లలను తలుచుకునే తల్లి వేదన అర్థం చేసుకోగలిగిన అతని సంసార హృదయమే.

రెండో జాములో అక్కను వెతుక్కుంటూ చెల్లెలు లేడి వచ్చి, అదే కోరిక కోరి వెళ్లిపోయింది. మూడో జాములో బాగా బలిసిన మగజింక వచ్చినప్పుడు వేటగాడికి అనుమానం ముదిరింది. వచ్చినవన్నీ ఇలాగే చెప్పి పోయాయనీ, ఇంకా ఏదీ తిరిగి రాలేదనీ, తన బతుకేం కావాలనీ అతడు నిలదీశాడు. ఈ చరాచర జగత్తంతా సత్యం మీదనే నిలిచి ఉందని చెప్పి, పిల్లలను తల్లికి అప్పగించి ఓదార్చి వస్తానని ఒట్లు పెట్టుకుని జింక వెళ్లింది. అన్నింటికన్నా కష్టమైనది ఈ మూడో అనుమతి. రెండుసార్లు మాట నమ్మి, రెండుసార్లూ ఎదురుచూపే మిగిలినవాడు మూడోసారి నమ్మడానికి మొదటిసారి కన్నా ఎక్కువ గుండె నిబ్బరం కావాలి.

అడవిలో ఆ మూడూ కలుసుకున్నప్పుడు జరిగిన సంభాషణను ప్రవచనాల్లో పొడిగా దాటవేయడం అన్యాయం. ముందు మాటిచ్చింది తాను గనుక తానే వెళ్లాలని పెద్దలేడి అంటుంది; అక్కకు సేవ చేయవలసినది తాను గనుక ఆ వంతు తనదని చెల్లెలు అంటుంది; పిల్లలకు తల్లుల రక్షణే ముఖ్యం గనుక తాను వెళితే చాలునని మగజింక అంటుంది. భర్త లేని బతుకు తమకొద్దని లేళ్లు రెండూ పట్టుపడతాయి. చివరకు పిల్లలను ఇరుగుపొరుగుకు అప్పగించి మూడూ బయలుదేరితే, మీకేమైతే మాకూ అదేనంటూ పిల్లలు కూడా వెంటపడతాయి. చెట్టు మీద ఒక కుటుంబం కోసం కూర్చున్న మనిషి ముందుకు ఇంకొక కుటుంబం మొత్తంగా నడిచి వచ్చింది.

వాటిని చూసిన వేటగాడు మొదట సంతోషించి బాణం ఎక్కుపెట్టాడనే పురాణం చెబుతుంది. నాలుగో జాము పూజ అప్పుడే జరిగింది. ఆడిన మాట తప్పకుండా చావుకు ఎదురొచ్చిన ఆ మూగజీవాలను చూశాక, మనిషిగా పుట్టి తాను సాధించినదేమిటి, ఇతరుల శరీరాలతో తన శరీరాన్నీ, పాపాలతో తన కుటుంబాన్నీ పోషించడమే కదా అన్న విచారం అతనిలో మొదలైంది. బాణం దించి, ధన్యులైన మీరు వెళ్లండని జింకలను పంపేశాడు. ఆ తెల్లవారుజామున అతని ఇంటివాళ్లు ఏం తిన్నారో పురాణం చెప్పదు. ఆకలితో మొదలైన కథ ఆకలి సంగతి మరిచిపోవడం రచనాపరంగా లోపమే. దీనికి భిన్నంగా మహాభారతం అరణ్యపర్వంలోని మరో వేటగాడి కథలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే తల్లిదండ్రుల సేవలో ఏ లోటూ రానివ్వడు గనుక, కుటుంబధర్మం విషయంలో ఆ కథ కట్టుదిట్టంగా ఉంటుంది.

ఆ లోపాన్ని కొంతవరకు సరిదిద్దేది శివుడిచ్చిన వరం. ప్రత్యక్షమైన పరమేశ్వరుడు వేటగాణ్ణి సన్న్యసించమనలేదు, తపస్సుకు పొమ్మనలేదు. అతనికి గుహుడని పేరు పెట్టి, శృంగవేరపురాన్ని రాజధానిగా ఇచ్చి, వంశం వృద్ధి చెందుతుందనీ, శ్రీరాముడు స్వయంగా ఇంటికి వచ్చి స్నేహం చేస్తాడనీ, ఆపైన మోక్షం లభిస్తుందనీ చెప్పాడు. జింకలు దివ్యశరీరాలతో విమానమెక్కి వెళ్లాయి. అర్బుదాచలం, అంటే నేటి రాజస్థాన్‌లోని ఆబూ పర్వతం మీద శివుడు వ్యాధేశ్వరుడిగా, వేటగాడి దేవుడిగా నిలిచాడు.

వాల్మీకి తన గుహుడికి ఇటువంటి పూర్వకథ ఏదీ చెప్పలేదు. గంగాతీరంలోని శృంగవేరపురాన్నేలే నిషాదరాజుగా, రాముడికి ప్రాణసమానుడైన మిత్రుడిగా మాత్రమే అయోధ్యాకాండ అతణ్ణి చూపిస్తుంది. రెండు కథలనూ ముడివేసింది శివపురాణమే. ఆ ముడి చరిత్రకు నిలుస్తుందా అన్న ప్రశ్న ఎలా ఉన్నా, రామాయణంలోని గుహుడు గురుద్రుహుడికి అతికినట్టు సరిపోతాడు. తన రాజ్యానికి వచ్చిన అతిథికి అతడు రకరకాల భోజన పదార్థాలు తెచ్చి ముందుంచితే, మునివృత్తిలో ఉన్న రాముడు వాటిని సున్నితంగా వద్దని, గుర్రాలకు మాత్రం మేత పెట్టించమన్నాడు. గుహుడు వెంటనే తన మనుషులను పిలిచి గుర్రాలకు మేత, నీళ్లు పెట్టమని పురమాయించి, రాముడు చెట్టు కింద నిద్రపోతుంటే విల్లు పట్టుకుని లక్ష్మణుడితో కలిసి ఆ రాత్రంతా కాపలా కాశాడు.