చంద్రుని ఫొటో - మన సాక్ష్యం



చంద్రుని నేలపై పొడవాటి కాలువ వంటి గీత ఉన్న ఫొటో ఒకటి మీ సెల్‌ఫోన్‌కు కూడా వచ్చే ఉంటుంది. దైవప్రవక్త (స) కాలంలో చంద్రుడు రెండు ముక్కలైన గుర్తు ఇదేనని, నాసా కూడా ఒప్పుకుందని, పదిమందికి పంపి పుణ్యం పొందమని దాని కింద రాసి ఉంటుంది.

మేము కూడా ఒక జుమా ప్రసంగంలో ఈ మాట ఉత్సాహంగా చెప్పాము. నమాజు తర్వాత ఇంటర్ చదివే ఒక అబ్బాయి వచ్చి, "హజ్రత్! ఆ గీత చంద్రుని చుట్టూ ఉందా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని చెబుతామన్నాము.

విచారిస్తే విషయం బోధపడింది. ఆ ఫొటో 1969 మే నెలలో అపోలో-10 వ్యోమనౌక నుంచి తీసినది. ఆ లోయ పేరు రీమా అరియడేయస్. దాని పొడవు సుమారు 300 కిలోమీటర్లు. చంద్రుని చుట్టుకొలత దాదాపు 10,900 కిలోమీటర్లు. రెండు పగుళ్ళ నడుమ నేల కుంగిపోవడం వల్ల అలాంటి లోయలు ఏర్పడతాయి. చంద్రుడు చీలి అతుక్కున్నాడని నాసా ఎన్నడూ ప్రకటించలేదు. గీత ఉండటమే చీలికకు సాక్ష్యమైతే, 1979లో వాయేజర్-2 ఫొటోలు తీసిన గురుగ్రహపు చందమామ యూరోపా నిండా గీతలే కదా!

మరి చంద్రుడు చీలిన సంఘటన అబద్ధమా? మఆజల్లాహ్! ఆ మహిమను మనం అల్ ఖమర్ సూరా ఆధారంగా, ప్రామాణిక హదీసుల ఆధారంగా విశ్వసిస్తున్నాము. అపోలో నౌక ఎగరక ముందు శతాబ్దాల తరబడి మన పెద్దలు ఏ ఫొటో చూసి నమ్మారు? చంద్రుణ్ణి చీల్చగల ప్రభువుకు, మచ్చ మిగలకుండా కలపడం కష్టమా?

ఇది చిన్న పొరపాటని అనుకోకండి. రేపు మన బిడ్డ కాలేజీలో ఆ ఫొటో అసలు సంగతి తెలుసుకుంటాడు. మనం అబద్ధపు గోడకు ఆనించి నిలబెట్టిన సత్యాన్ని కూడా ఆ గోడతోపాటే వదిలేస్తే బాధ్యులెవరు?

అందిన వార్తను విచారించుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. విన్న ప్రతి మాటనూ చేరవేయడాన్ని దైవప్రవక్త (స) అబద్ధం కింద జమకట్టారు. ఒక్క హదీసును స్వీకరించడానికి మన హదీసువేత్తలు దాన్ని చేరవేసిన ప్రతి వ్యక్తి సత్యసంధతనూ, జ్ఞాపకశక్తినీ పరీక్షించారు. వారి వారసులమైన మనం ఒక్క వేలి నొక్కుతో వార్తను ఊరంతా పంచుతున్నాము!

మరుసటి జుమా నాడు అదే మింబర్ మీద నుంచి మా తప్పు ఒప్పుకున్నాము. ఆ అబ్బాయి ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.

వ్యోమనౌకలు పంపిన ఫొటోలను పిల్లలకు తప్పక చూపండి. శనిగ్రహపు వలయాలు, అంగారకుని ఎర్రమట్టి, చంద్రుని గుంతలు, వీటిలో ప్రతి ఒక్కటీ సృష్టికర్త శక్తికి నిదర్శనమే. ఉన్నది ఉన్నట్టుగా చెబితే చాలు, మన కల్పన అవసరం లేదు.

అల్లాహ్ మన నాలుకలనూ, మన వేళ్ళనూ అసత్యం నుంచి కాపాడుగాక! ఆమీన్.