పాత బండి, క్రొత్త ఇంజను



పాత వస్తువును బాగుచేయునప్పుడు దానిని పూర్వమున్నట్లే నిలుపవలెనా, లేక ఈ కాలపు అవసరమునకు తగినట్లు మార్చవలెనా? మార్చినచో ఎంతవరకు మార్చవచ్చును? తాతలనాటి ఇంటిని గూర్చియు, గుడి కప్పును గూర్చియు ఈ ప్రశ్న మన మధ్య లేచుచునే యున్నది. ఈ నెల దీనిని పాత మోటారుకార్లను బట్టి ఆలోచింతము. మనలో చాలమందికి కారు లేదు. అయినను ఇనుముతో చేసిన వస్తువులో ఈ సంగతి స్పష్టముగా కనబడును గనుక దానిని తీసికొనుచున్నాము.

విదేశములలో ధనవంతులు కొందరు వెనుకటి స్పోర్ట్సు కార్లను కొని, తమ తమ యిష్టము చొప్పున తిరిగి కట్టించుకొనుచున్నారు. పైకి ఆకారము పాతదే. లోపల ఇంజను, బ్రేకులు, వైరింగు, ఏసీ క్రొత్తవి. ఈ పనికి రెస్టోమాడ్ అని పేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో సింగర్ అను సంస్థ 2009లో ఆరంభమాయెను. 1989 మొదలు 1994 వరకు తయారైన పోర్షే 911 కార్లను వీరు పూర్తిగా ఊడదీసి, పై రేకులకు బదులు కార్బన్ ఫైబరు పలకలు అమర్చి, ఇంజనును మరింత బలముగా కట్టుదురు. ఒక్క కారుకు అగు ఖర్చు మన లెక్కలో కోట్ల రూపాయలు. ఇంగ్లాండులో జాగ్వార్ సంస్థవారు 1960లనాటి తమ ఈ-టైపు కారులో పెట్రోలు ఇంజనును తీసి, విద్యుత్ మోటారు పెట్టి 2017లో చూపించిరి. కావలెనన్న పాత ఇంజనును మరల అదే చోట బిగించుటకు వీలు ఉంచిరి.

దీనికి వేరైన మార్గము హైదరాబాదులో కనబడును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన కొరకు ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కారును చేయుమని చెప్పెను. అది చేరకముందే 1911లో ఆయన మరణించెను. పసుపు రంగుతో, వెనుక సింహాసనము వంటి ఆసనముతో ఉన్న ఆ కారు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. దానిని బాగుచేసినవారు క్రొత్త సౌకర్యములు చేర్చక, పూర్వరూపములోనే చూపుటకు నిలిపిరి.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతములలో స్పోర్ట్సు కార్లు ఎక్కడివి? మనకు పాత కారనగా అంబాసిడరు, ఫియట్. అంబాసిడరు 1958 మొదలు 2014 వరకు తయారాయెను. దానిని చేసిన కంపెనీవారే 1990ల తొలిభాగములో పాత ఆకారమును ఉంచి ఇసుజు ఇంజను పెట్టిరి. ఇప్పటికిని అక్కడక్కడ ఇంటి వెనుక పాకలో టార్పాలిను క్రింద ఒక కారు నిలిచియుండును. కొల్లేటి తడిగాలికి దాని అడుగురేకు తుప్పు పట్టియుండును. మనుమడు దానిని విజయవాడ జవహర్ ఆటోనగరుకు తోలించి, క్రొత్త ఇంజను, ఏసీ, పవర్ స్టీరింగు పెట్టించెదననును. తాత దాని మీద చేయి వేయవద్దనును. ఇద్దరును ఆ బండిని ప్రేమించువారే. ఎవరి మాట న్యాయము?

మొదట ఒక చిక్కు విప్పవలెను. అన్నియు మార్చిన తరువాత అది ఆ బండియేనా? గ్రీకు గ్రంథకర్త ప్లూటార్కు తీస్యూసు అనువాని ఓడను గూర్చి వ్రాసెను. ఏథెన్సువారు దానిలో పుచ్చిన పలకను తీసి మంచి పలక వేయుచు వచ్చిరి. చివరకు అది పాత ఓడయా, క్రొత్త ఓడయా యని పండితులు వాదించుకొనిరట. మన కొల్లేటి బెస్తవానిని అడిగిన అంత వాదము ఉండదు. ఈ ఏడు ఒక పలక, పై ఏడు రెండు పలకలు మార్చి, తారు పూసి, పడవను నీటిలో దించును. కొంతకాలమునకు తండ్రి వేసిన పలక ఒక్కటియు మిగులకపోవచ్చును. అయినను "ఇది మా నాయన పడవ" యనును. ఆకివీడులోగాని కైకలూరులోగాని అది అబద్ధమనువాడు లేడు. ఏలయనగా అతడు నలుగురి యెదుట మార్చెను. పడవ తన పని మానకుండుటకే మార్చెను. అయితే మరియొకని పడవ నంబరు దీని మీద వ్రాసి అమ్మినయెడల, పలకలన్నియు పాతవే అయినను అది మోసము. కాబట్టి వస్తువు తన పేరు నిలుపుకొనుట ఎన్ని భాగములు మిగిలెనను లెక్క వలన కాదు; ఏల మార్చితిమి, మార్చినది దాచితిమా చెప్పితిమా యను దాని వలననే.

ఇక ఏది మార్చవలెను? పాత బండి రోడ్డు మీద తిరుగవలెనన్నచో మొదట చూడవలసినది ఏసీ కాదు, బ్రేకులు. ఆ కాలపు డ్రమ్ము బ్రేకులు ఆ కాలపు వేగమునకు తగినవి. ఇప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిలో ముందు లారీ ఆగినప్పుడు, అడ్డముగా సైకిలువాడు వచ్చినప్పుడు బండి ఆగకపోయిన, "మూలరూపమును కాపాడితిమి" అని ఎవరికి చెప్పుదుము? ఇల్లు కట్టువాడు మిద్దె నుండి ఎవడును పడకుండునట్లు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 22:8). పిట్టగోడ లేని మిద్దె చూపునకు అందముగా ఉండవచ్చును. పొరుగువాని ప్రాణము ఆ అందము కంటె గొప్పది.

అట్లని ఇష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. తయారీదారు ఇచ్చిన ప్రధాన వివరములకు, రిజిస్ట్రేషను పత్రమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు దీనిని స్థిరపరచెను. చట్టము ఒప్పు మార్పునైనను అనుమతితో చేసి పత్రములో వ్రాయించుకొనవలెను. 2021లో వచ్చిన నియమముల ప్రకారము, 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పు లేక మూలరూపములో ఉన్న బండికి ప్రత్యేక రిజిస్ట్రేషను కలదు. దానికి రుసుము 20,000 రూపాయలు. అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి తీసికొనిపోవచ్చును గాని నిత్యవాడుకకు, వ్యాపారమునకు వాడరాదు.

ఇందులో మంచి వివేకమున్నది. తాత కోరినట్లు ఉన్నది ఉన్నట్లు నిలుపుటయు మంచిదే. అప్పుడు దానిని జ్ఞాపకముగా ఉంచి, రోజూ బజారుకు తోలకూడదు. మనుమడు కోరినట్లు తిరుగు బండిగా చేయుటయు మంచిదే; అప్పుడు దానిని బలపరచి, మార్చినది దాచక అధికారుల యెదుట ఒప్పుకొనవలెను. సింగర్‌వారు కూడ తాము కారు తయారీదారులము కామనియు, పోర్షే కారును తిరిగి తీర్చువారమనియు చెప్పుదురు. అంత ఖరీదైన పని చేసియు ఎవరి పేరును తమదిగా చేసికొనరు. తప్పెక్కడ ఉన్నదనగా, మారినదానిని మారలేదని చెప్పుటలో.

ఈ తప్పు ఎక్కువగా రంగు క్రింద దాగును. తుప్పు తిన్న రేకును కోసి క్రొత్త రేకు అతుకుటకు దినములు పట్టును. దాని మీద పుట్టీ పూసి, కాగితముతో రుద్ది, రంగు కొట్టుటకు ఒక పూట చాలును. అమ్మునాడు రెండును ఒక్కలాగే మెరయును. ఏడాది తిరిగిన తరువాత వానకాలములో రంగు బుడగలు లేచును. కొన్న పేదవాడు టాక్సీ తోలి అప్పు తీర్చుకొందునని నమ్మినవాడు, బండియు అప్పుయు రెండును మోయును. సున్నము కొట్టిన సమాధుల మాట మనకు తెలిసినదే (మత్తయి 23:27). దీనికి ఎదురుగా, యోవాషు రాజు కాలమున మందిరము బాగుచేసిన పనివారి యొద్ద లెక్క అడుగలేదట; వారు నమ్మకస్థులు (2 రాజులు 12:15). వండ్రంగులు, కాసెపనివారు అను పేర్లే అక్కడ కలవు. మన సంఘములలో టింకరింగ్ చేయు యౌవనులు, లేత్ పట్టు యౌవనులు కలరు. ఎవరును చూడని అడుగురేకు చక్కగా అతుకువాడు ప్రార్థనలో ముందు కూర్చుండకపోయినను ఆ పనివారి వరుసలోనివాడే.

ఖర్చు సంగతి చెప్పి ముగింతము. పాత బండిని బాగుచేయించుట దుబారాయని కొందరందురు. మేము అట్లు అనము. తుక్కుకు పోవలసినది నిలుచును, పదిమంది చేతిపనివారికి కూలి దొరకును. అయితే ఇంజను విప్పిన తరువాతనే అసలు ఖర్చు తెలియును. బోరింగు అనుకొన్నది క్రొత్త పిస్టన్ల వరకు పోవును. గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను గదా (లూకా 14:28). అర ఎకరము తాకట్టు పెట్టి తాత కారుకు రంగు వేయించువాడు తాతను గౌరవించుట లేదు. తాత సంపాదించిన పొలమును పోగొట్టుచున్నాడు.

కాబట్టి పాతదానిని చేపట్టువాడు మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. ఇది ఎవరికైన హాని చేయునా? చేసిన మార్పును కొనువాని యెదుట, అధికారి యెదుట వెరవక చెప్పగలమా? దీని ఖర్చు ఇంటిలోనివారి అన్నము నుండి తీయుచున్నామా? ఈ మూడింటికి తిన్నని జవాబు ఉన్నయెడల క్రొత్త ఇంజను వేసినను, పాతది ఉంచినను దోషము లేదు. జవాబు తడబడినయెడల రంగు డబ్బా విప్పకముందే ఆగుట మేలు.