రాయి విసరకుండా

ఆశ్వయుజం సగమయ్యేసరికి నాగావళి తేటపడుతుంది. వానాకాలమంతా ఒడిశా కొండల ఎర్రమట్టిని మోసుకొచ్చిన నీరు, కొమరాడ దగ్గర అడుగు రాళ్లు కనిపించేటంత పలచబడుతుంది. ఇసకదిబ్బల మీద రెల్లు పూస్తుంది. చెట్లు మాత్రం ఆకు రాల్చవు. మా కొండలకి ఆకు రాలే కాలం మాఘ ఫాల్గుణాలు. ఇప్పుడు మద్దీ టేకూ చిక్కగా, పచ్చగా ఉంటాయి. పోడుచేలల్లో చోడి వెన్నులు రంగు తిరుగుతుంటాయి.

2022లో కొమరాడ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ మా తరం నోట ఇంకా విజయనగరం జిల్లాయే. బడిపంతులుగా రిటైరయ్యాక ఈ కాలంలో నది వెంట గుంప వైపు నడవడం నాకు అలవాటైంది. గుంప దగ్గర జంఝావతి వచ్చి నాగావళిలో కలుస్తుంది. అక్కడి సోమేశ్వరుణ్ణి బలరాముడు ప్రతిష్ఠించాడనీ, నాగలితో ఈ నదిని తెచ్చి దాని ఒడ్డున కళ్లేపల్లి దాకా ఐదు శివలింగాలు నిలిపాడనీ మావాళ్లు చెప్పుకుంటారు. నా వెంట నల్లోడు వస్తాడు. వాడు మా వీధి కుక్క. నేను పెంచలేదు, పిలవలేదు. ఒకరోజు వెంట వచ్చాడు, ఆ తర్వాత మానలేదు. పొదల్లో దూరి పోయి, మలుపు దగ్గర నిలబడి నేను వచ్చేదాకా చూస్తాడు.

ఒక పొద్దున్న అడ్డాకుల మోపుతో ఒక జాతాపు ముసలమ్మ ఎదురైంది. "ఏనుగులు దిగినాయట మేస్టారూ. కుక్కనొగ్గీసి ఎల్లండి. అది మొరిగిందంటే వాటిని మీమీదికే తెస్తాది" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఏనుగుల గుంపు ఒడిశా వైపు నుంచి దిగిన ఈ ఏళ్లలో అది మావాళ్లందరికీ తెలిసిన సంగతే. కుక్క మొరుగుతుంది, ఏనుగు తరుముతుంది, కుక్క పరిగెత్తుకొచ్చి మనిషి కాళ్ల దగ్గరే చేరుతుంది. కానీ నల్లోణ్ణి ఒగ్గేయడం ఎలా? పొమ్మంటే పోడు. పోవాలంటే రాయి విసరాలి. ఇద్దరం వెనక్కి తిరిగాం.

ఆ తిరుగుదారిలో నాకు భారతం గుర్తొచ్చింది. నన్నయ గారి ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి ఒక కుక్కపిల్ల వస్తుంది. శ్రుతసేన, ఉగ్రసేన, భీమసేనులనే రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. దాని తల్లి సరమ, దేవతల కుక్క, నిండుసభకి వచ్చి ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. అనుకోని భయాలు మిమ్మల్ని పట్టుకుంటాయని చెప్పి వెళ్లిపోతుంది. ఆ ఇతిహాసానికి అటు చివర, తిక్కన గారి మహాప్రస్థానికంలో, మళ్లీ ఒక కుక్క. జనమేజయుడి పూర్వీకుడైన ధర్మరాజు వెంట అది హిమాలయం ఎక్కుతుంది. కుక్క ఉన్నవాడికి స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడు అంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి నేను రానంటాడు. ఒక చివర దెబ్బ, ఒక చివర ఆ దెబ్బకి జవాబు. పెద్దలు ఇది ఊరికే అమర్చలేదని నాకు గట్టి నమ్మకం.

పురాణం చెప్పేవాళ్లు ఇక్కడ తొందరపడి, ఆ కుక్క యమధర్మరాజేనని చెప్పి హారతిచ్చేస్తారు. దేవుడే కుక్కయి వచ్చాడు కాబట్టి కుక్కని ఆదరించాలన్నమాట! నేనిది ఒప్పుకోను. ధర్మరాజు రానన్నప్పుడు ఆయన ముందున్నది చలికి వణికే ఒక జంతువు మాత్రమే. స్వర్గం తలుపు తీసే ఉంది. కుక్క లోపలున్నాయన తన తండ్రి అని తెలిశాక వదలకపోతే అందులో గొప్పేముంది?

నన్ను వేధించే ప్రశ్న వేరే ఉంది. అదే దారిలో ద్రౌపది పడిపోయింది. ఎందుకు పడిందని భీముడు అడిగితే, అర్జునుడి మీద ఆమెకి పక్షపాతమని చెప్పి, ధర్మరాజు వెనక్కి చూడకుండా నడిచాడు. తమ్ముళ్లు పడ్డా అంతే. భార్యకి ఆగని కాలు కుక్కకి ఎలా ఆగింది? చచ్చినవాళ్లకి నేను చెయ్యగలిగిందేమీ లేదు, బతికుండగా వాళ్లని విడవలేదు అని ఇంద్రుడితో అంటాడు. తర్కంగా సరిపోతుంది. ఆడపిల్లల తండ్రిని, నాకు సరిపోలేదు.

ఎందుకోగాని జనం స్వర్గారోహణం దాకా చదవరు. అక్కడ దేవదూత ధర్మరాజుని నరకపు దారిలో తీసుకుపోతాడు. చీకటి, దుర్గంధం. తట్టుకోలేక వెనుదిరుగుతుంటే, కాసేపుండు, నీ మీదనుంచి వచ్చే గాలి మాకు ఉపశమనంగా ఉందని గొంతులు వినిపిస్తాయి. వాళ్లని విడిపించే శక్తి ఆయనకి లేదు. చెయ్యగలిగింది ఉండటమే. కొండమీద కుక్క ఆయనకి చేసిందీ అంతే కదా! మోసిందా, దారి చూపిందా? వెంట ఉంది. ఎవరు మీరని అడిగితే కర్ణుడు, భీముడు అంటూ చెప్పుకున్న ఆ గొంతుల్లో ద్రౌపదిదీ ఉంది. నేనింక రానని దేవతలతో చెప్పమని దూతని పంపేసి ధర్మరాజు అక్కడే నిలబడ్డాడు. ఆ నరకం కాసేపటి మాయ అని ఇంద్రుడు వచ్చి చెప్పడం తర్వాతి మాట. నిలబడినప్పుడు ఆయనకి ఆ సంగతి తెలియదు.