దానికి పొద్దు పోతలేదు, అల్లుడా

నీ ల్యాబ్రడార్‌కు పిచ్చి లేసిందని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ఊకె మొరుగుతదట, ముందరి కాలు నాకి నాకి పుండు చేసుకున్నదట, గేటు కాడ గొలుసు అందినంత మేర గిర్రుగిర్రున తిరుగుతదట. ముందుగాల్ల పశువుల దవాఖానకు తీస్కపో. చెవిల చీమున్నా, కీళ్లు నొచ్చినా, ఒంటి నిండ గోమార్లున్నా కుక్క గిట్లనే చేస్తది. రేబిస్ సూది కార్డు ఎంబడి వట్టుకపో. ఒంట్ల ఏం బాధ లేదని డాక్టర్ సారు అన్నడనుకో, అప్పుడు నా మాట ఇను. దానికి పిచ్చి లేవలే. పొద్దు పోతలేదు.

పత్తి ఏరేటి దినాలల్ల మీ బాపమ్మ తప్ప ఇంటోళ్లంత చేనుకు పోతరు. పొద్దున కట్టేసిన కుక్కను పొద్దుగూకినంక ఇప్పుతున్నరు. మన గొర్లకాపరుల కుక్కలను చూడు. మెత్తటి పరుపు లేదు, ప్యాకెట్ తిండి లేదు. అయినా మంద ఎంబడి తిరుగుడు, వాసన పట్టుడు, రాత్రి కావలి, దినమంత పనే. నీ ల్యాబ్రడార్ కూడ పని చేసిన వంశందే. దాని పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ దీవిల చేపలు పట్టేటోళ్లతోని సల్లటి నీళ్లల్ల ఈది బతికిన కుక్కలు. అసొంటిదాన్ని తెచ్చి, ఎండకాలం 45 డిగ్రీలు కాసే మన జిల్లాల గేటుకు కట్టేసి, హైవే మీద లారీల హారన్లు ఇనుకుంట కూసోమంటే ఎట్ల కూసుంటది?

మామ చాదస్తం అనుకోకు. 1960ల వచ్చిన జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్‌ల ఈ ముచ్చట ఉన్నది. ఎప్పుడు కట్టేసి ఉంచే కుక్కను సరిపోను తిప్పకపోవుడు యజమాని నేరమని, కుక్క పేరు వెట్టి మరీ రాసిన్రు. మొదటిసారి తప్పుకు జరిమాన 10 రూపాయల నుంచి 50 దాక. మన ఇచ్చోడల నలుగురికి ఛాయ్ తాపిస్తే అయ్యే ఖర్చు గది, ఎవలు భయపడుతరు?

తిప్పుడంటే గల్లీ చివర దాక తీస్కపోయి పని కాంగనే గుంజుకొచ్చుడు అనుకుంటున్నవు నువ్వు. తెల్లారంగనే సిరిచెల్మ ఊరి తొవ్వ పట్టు. అది ఏ చెట్టు కాడ ఆగితే నువ్వు ఆడ ఆగు, ఫోన్ జేబుల వెట్టు. మన ముక్కుల వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే దానికి 20 కోట్లకు పైనే. ముక్కుకు పని దొరికిన కుక్క ఇంటికొచ్చి నిమ్మలంగ పంటది. తిండి కూడ రోజూ గిన్నెల పోసి ముందర వెట్టకు. జొన్నరొట్టె తునకలు పాత గోనెసంచి మడతలల్ల దాచియ్యి, ఎతుక్కొని తింటది. ఉల్లిగడ్డ మాత్రం కలవనియ్యకు.

చెప్పు కొరికిందని సాయంత్రం ఇంటికొచ్చి కొట్టుడు బంద్ చెయ్యి. ‘తప్పు చేసినట్టు దానికి ఎర్కే, మొఖం చూడు’ అంటవు నువ్వు. న్యూయార్క్‌ల అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009ల ఈ మొఖం సంగతే తేల్చింది. వద్దన్న తునకను కుక్క తిన్నదా లేదా అన్నదానితోని ఆ మొఖానికి సంబంధం లేదట. యజమాని తిడితే ఎక్కువ కనవడ్డది. ఏ తప్పు చెయ్యని కుక్కలు తిట్లు పడితే ఇంకింత ముడుచుకపోయినయట. నువ్వు తప్పు ఒప్పుకున్నదనుకునేది దాని భయం, అల్లుడా.

భయం అంటే యాదికొచ్చింది. మన చెవి 20,000 హెర్ట్జ్ దాక ఇంటే కుక్కది 45,000 దాక ఇంటది. దీపావళికి, గణపతి నిమజ్జనం నాడు డీజే మొదలు కాకముందే దాన్ని తిప్పుకొచ్చి లోపలి అర్రల ఉంచు, కిటికీలు మూసి ఫ్యాన్ వెయ్యి. వణుక్కుంట నీ కాళ్లల్ల దూరితే దగ్గరికి తీసుకో. ముద్దు చేస్తే భయం ముదురుతదని చెప్పేటోళ్ల మాట ఇనకు. మీ చిన్నోడు దాని మెడ వట్టుకొని ఊగేటప్పుడు అది మూతి నాక్కున్నా, నిద్ర రాకుండనే ఆవలించినా, తెల్లగుడ్డు కనవడేటట్టు పక్కకు చూసినా పోరన్ని ఇవతలికి గుంజు. అది కరవకముందు చెప్పే మాటలు గవి.

ఒక్కటే ఉండుడు కూడ మెల్లగ నేర్పాలె. మొదలు పది నిమిషాలు, అటెంక అర్ధగంట. చలికాలం గచ్చు మీద పండనియ్యకు, గోనెసంచులు పరువు. చేనుకు కూడ ఎంబడి తీస్కపో, నీడ, నీళ్లు ఉండేటట్టు చూసుకో. పురుగుల మందు కొట్టిన చేన్లకు మాత్రం రానియ్యకు. తీస్కపోలేని నాడు గొలుసు ఇప్పి మీ బాపమ్మ దగ్గర ఇడిసిపో. కుక్కంటే ఆమె ముక్కు చిట్లిస్తది గని, పగటీలి ఛాయ్‌ల బిస్కెట్లు సగం దానికే పోతయని మీ అమ్మ నాకు ఎప్పుడో చెప్పింది.