పూడ్చుటయా, దాచుటయా?

మనలో చాలామంది ఇండ్లలో, అటకమీదనో మెట్ల కింది పెట్టెలోనో, ఒక పనిముట్టు ఉంటుంది. ఒక ఇనుప చట్రము, దానికి ఒక మీట, వెనుక ఒక పొడవైన కడ్డీ. మేస్త్రీలు దానిని సిలికాన్ గన్ అంటారు. పేరుకు గన్ అయినా అది ఎవరినీ గాయపరచేది కాదు. స్నానాల గదిలోను, వంటింటి సింకు చుట్టూ, కిటికీ చట్రము పక్కన ఏర్పడే సందులను పూడ్చేందుకు వాడతారు. ఈ చిన్న పనిముట్టును గూర్చి, దాని మూలముగా మా ఇంట్లో లేచిన ఒక పెద్ద ప్రశ్నను గూర్చి పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలచాము.

దాని పని తీరు చాలా సులువు. సుమారు 300 మిల్లీలీటర్ల ట్యూబును చట్రములో పెట్టి, ట్యూబు ముక్కును ఏటవాలుగా కోస్తారు. మీట నొక్కినప్పుడల్లా కడ్డీ కొంచెము ముందుకు జరిగి, లోపలి ముద్దను తీగలాగా బయటికి నెడుతుంది. పని ఆపగానే వెనుకనున్న చిన్న రేకును నొక్కి ఒత్తిడి తీసివేయాలి. లేనియెడల మనము చెయ్యి ఆపినా ముద్ద కారుతూనే ఉంటుంది. ట్యూబు అయిపోతే పారవేస్తాము. గన్ మాత్రము శుభ్రముగా ఉంచుకుంటే ఏండ్ల తరబడి పని చేస్తుంది. సిమెంటు గ్రౌటు కొరకు మరొక సాధనము ఉన్నది. అది అచ్చము గోరింటాకు కోను వంటిదే, కాని దళసరి గుడ్డతో చేసిన పెద్ద సంచి. రాళ్ళ మధ్య, ఇటుకల మధ్య సందులలోనికి దానితో గ్రౌటును పిండుతారు. పని అయిన వెంటనే కడిగితే ఆ సంచి మరల పనికి వస్తుంది. రేపు కడుగుదామనుకుంటే లోపలి సిమెంటు రాయిగా మారి, సంచి చెత్తకుప్పకే పోతుంది.

గ్రౌటుకు, సీలెంటుకు తేడా ఉన్నది. గ్రౌటు ఆరిన తరువాత గట్టిపడుతుంది, సాగదు. సిలికాన్ సీలెంటు రబ్బరులాగా సాగి, మరల ముడుచుకుంటుంది. అందుచేతనే నేలమీది టైల్స్ మధ్య గ్రౌటు పెట్టినా, గోడ నేలను కలిసే మూలలో సీలెంటు పెట్టాలి. అక్కడ గోడ ఒకవైపు, నేల మరొకవైపు వెంట్రుకవాసి కదులుతూ ఉంటాయి గనుక గ్రౌటు పగిలిపోతుంది. అయితే సీలెంటుకు కొన్ని షరతులు ఉన్నాయి. సందు పొడిగా ఉండాలి. దుమ్ము, సబ్బు జిడ్డు ఉండకూడదు. పాత సిలికానును పూర్తిగా గీకి తీసివేయాలి, ఎందుకనగా పాత సిలికాను మీద కొత్తది సరిగా అంటదు. వీటన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. టైల్స్ పైన కనబడే గ్రౌటు గాని సీలెంటు గాని నీటిని పూర్తిగా ఆపేవి కావు. నీటిని నిజముగా ఆపేది టైల్స్ కిందనున్న వాటర్‌ప్రూఫ్ పూత. అది చెడిపోయినా, నీరు పోయే గొట్టము అతుకు వదిలినా, పైన ఎన్ని ట్యూబులు పిండినను అది కొన్నాళ్ళ ముచ్చటే.

ఇక మా సంగతి చెబుతాము. మా తండ్రిగారు నెల్లూరు జిల్లా నుండి మదరాసు వచ్చి, పెరంబూరులో 1955లో ఆరంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడే రిటైరయ్యారు. ఆయన కొన్న చిన్న ఫ్లాటు మాకు వచ్చింది. మొదటి అంతస్తు, రెండు గదులు. 2018లో కుమార్తె చదువు నిమిత్తము దానిని అమ్మదలచాము. స్నానాల గది మూలలో గ్రౌటు రాలిపోయి నల్లని సందు కనబడుచుండెను. కింది వాటాలోని పెద్దావిడ, అప్పటికి రెండేండ్లుగా, తన వంటింటి పైకప్పు చెమ్మగిల్లుతున్నదని చెబుతూనే ఉన్నది. మేము వానల మీద, పాత కట్టడము మీద నెపము వేసి సరిపుచ్చుతూ వచ్చాము.

కొనేవారు చూడటానికి వస్తారనగా ఒక మేస్త్రీని పిలిపించాము. ఆయన శ్రీకాకుళము వైపు మనిషి. ఆ మూలను తాపీ పిడితో తట్టి చూచాడు. టైలు కింద డొల్లగా మ్రోగింది. కాసేపు ఊరుకొని, “అమ్మా, దీన్ని పూడ్చమంటారా, కనబడకుండా చేయమంటారా?” అని అడిగాడు. మాకు అర్థము కాలేదన్నాము. “పూడ్చాలంటే నేల పగలగొట్టాల. వారం పని. కనబడకుండా చేయాలంటే గన్ ఉంది, గంట పని” అన్నాడు. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. గంట పనే చేయమన్నాము. తెల్లని గీత తిన్నగా, తళతళ మెరుస్తూ వచ్చింది. ఆయన పనితనములో లోపము లేదు.

మరుసటి ఆదివారము సాయంత్రము ఒక యువ దంపతులు ఇల్లు చూడ వచ్చారు. ఆ అమ్మాయి స్నానాల గదిలోనికి వెళ్ళి, ఆ మూలను చేత్తో తడిమి, “ఎంత శుభ్రంగా ఉంచారండీ ఆంటీ! ఇంత పాత ఇంట్లో ఇలాంటి బాత్‌రూమ్ మేమెక్కడా చూడలేదు” అన్నది. మేము చిరునవ్వు నవ్వాము. ఆ నవ్వే ఆ రాత్రి మమ్మును నిద్రపోనివ్వలేదు.

మాలో ఒకరము అన్నాము: “వారు అడగలేదు, మనము అబద్ధము చెప్పలేదు. కొనేవారు కళ్ళు తెరచి చూచుకోవాలి. ఏ పాత ఇంట్లో చెమ్మ లేదు? మనము కొన్నప్పుడు మనకెవరు చెప్పారు?” మరొకరము అన్నాము: “కళ్ళు తెరచి చూచింది గదా. చూచే ఆ మాట అన్నది.”

ఈ తగవు మాతో పుట్టినది కాదు. రోమా పండితుడు సిసిరో క్రీ.పూ. 44లో తన కుమారునికి ఉద్దేశించి విధులను గూర్చి ఒక గ్రంథము వ్రాశాడు. దాని మూడవ భాగములో సరిగ్గా ఇటువంటి ఇంటి సంగతే ఉన్నది. ఆ ఇల్లు ఆరోగ్యకరము కాదు, పడక గదులలో పాములు తిరుగుతాయి, కలప పుచ్చినది. ఈ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండ అమ్మవచ్చునా? ఇద్దరు తత్త్వవేత్తలు, గురువైన డయోజనీస్, శిష్యుడైన ఆంటిపేటర్, ఈ విషయములో విభేదిస్తారు. చెప్పకపోవుట వేరు, దాచుట వేరు, కొనువానిని ఎవరూ బలవంతపెట్టలేదు గదా అని గురువు పక్షము. దారి తప్పినవానికి దారి చూపకపోవుట కంటె ఇది ఘోరమని, తెలిసి తెలిసి సాటి మనిషిని తప్పులోనికి నడిపించుటయేనని శిష్యుని పక్షము. సిసిరో తుదకు శిష్యుని పక్షమే వహించాడు.

మన దేశపు చట్టము కూడ ఈ విషయములో ఊరుకోలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరే ఒప్పందము లేనప్పుడు, ఆస్తిలోని ముఖ్యమైన లోపమును అమ్మేవాడు కొనేవానికి తెలియజేయాలి. అయితే ప్రతి లోపమును కాదు. అది అమ్మేవానికి తెలిసినదై ఉండాలి, కొనేవానికి తెలియనిదై ఉండాలి, సాధారణమైన జాగ్రత్తతో చూచినా కనిపెట్టలేనిదై ఉండాలి. ఇది న్యాయమైన కొలత అని మాకు తోచింది. వెలిసిపోయిన రంగును, కిర్రుమనే తలుపును ఎవరైనా చూచుకోగలరు. వాటిని గూర్చి చాటింపు వేయనక్కరలేదు.

కాని ఈ కొలతను మా ఇంటి మూలకు పెట్టి చూచుకున్నప్పుడు మా సాకులన్నీ రాలిపోయినవి. ఆ నల్లని సందు సందుగానే ఉన్నంతకాలము, చూచినవారు ఎవరైనా కింద ఏమున్నదని అడిగి ఉండేవారు. సందు తనకు తానే సాక్ష్యము చెబుచుండెను. ఆ సాక్షి నోరు మూసినది మా చెయ్యే. డయోజనీస్ వాదము మౌనముగా ఉన్నవానికి పనికివస్తే రావచ్చును. గన్ పట్టించి గీత గీయించినవాడు మౌనముగా లేడు. అతడు మాట్లాడాడు. “ఇక్కడ ఏమీ లేదు” అని తెల్లని అక్షరములతో గోడమీద వ్రాశాడు. నోటితో చెప్పని అబద్ధమును చేతితో చెప్పవచ్చునని మాకు ఆ రాత్రి తెలిసింది. యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో బలము లేని గోడకు పైపూత పూసేవారిని గూర్చి ఎన్నోసార్లు చదివాము. అది ఎవరినో గూర్చినదని అనుకుంటూ వచ్చాము.

తెల్లవారి ఆ దంపతులకు ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాము. “చెప్పినందుకు థ్యాంక్స్ అంకుల్” అన్నారు. మరల రాలేదు. వారిని తప్పుపట్టము. నిజము చెప్పినవానికి వెంటనే బహుమానము దొరుకుతుందని కథలలో చదువుతాము. మాకు దొరికినది ఖాళీ ఇల్లు, కట్టవలసిన కాలేజీ ఫీజు. అప్పు చేసి ఫీజు కట్టాము. అదే మేస్త్రీని పిలిచి నేల పగలగొట్టించాము. నీరు పోయే గొట్టము అతుకు వదిలి, ఏండ్ల తరబడి నీరు స్లాబులోనికి ఇంకుతున్నది. అతుకు మార్చి, కొత్త పూత వేసి, టైల్స్ పరచకముందే గొట్టమునకు బిరడా పెట్టి ఒక పగలు, ఒక రాత్రి నేలమీద నీరు నిలబెట్టాము. ఏడు నెలల తరువాత వేరొక కుటుంబము కొన్నది, మేము ముందు అనుకున్నదానికంటె తక్కువకే. నేల తెరచి ఉన్నప్పుడు తీసిన ఫోటోలు వారికి చూపించి, వివరించి ఇచ్చాము.

నీరు నిలబెట్టిన ఆ రాత్రి గడచిన తరువాత కింది వాటాకు వెళ్ళాము. మేము ఆ ఇంట అడుగుపెట్టి చాలా కాలమైంది. పెద్దావిడ వంటింట్లో పొయ్యి పక్కన ఒక పాత సిల్వరు గిన్నె పెట్టి ఉంచుకున్నది. పైనుండి పడే చుక్కల కొరకు. రెండేండ్లుగా ఉదయము, సాయంత్రము దానిని పారబోస్తున్నది. ఆ రోజున గిన్నె పొడిగా ఉన్నది. ఆమె దానిని తీయలేదు. “ఇంకో నాలుగు రోజులు చూస్తాను” అన్నది తమిళములో. మా మాటమీద ఆమెకు నమ్మకము ఎంత మిగిలినదో ఆ గిన్నెను బట్టి తెలుసుకున్నాము.

అంతవరకు ఈ వ్యవహారము మాకు, కొనేవారికి మధ్యనే అనుకున్నాము. సిసిరో వ్రాసిన తగవు కూడ ఆ ఇద్దరిదే. కాని పైన మూత వేసినప్పుడు నీరు ఆగదు, మన కంటికి కనబడకుండ పోతుంది, అంతే. పోయి కిందనున్నవారి మీద పడుతుంది. మేము ఆ మూలను పూడ్పించిన నాడు ఇంకా రాని కొనుగోలుదారుని గూర్చి భయపడ్డాము గాని, రెండేండ్లుగా మా కిందనే గిన్నె పెట్టుకొని ఉన్న మనిషి తలపునకే రాలేదు. మా తప్పులలో ఇది పెద్దదని ఇప్పుడు అనుకుంటున్నాము.

తాతలు, తండ్రులు పొరుగు రాష్ట్రములకు వచ్చి కూడబెట్టిన ఇండ్లను మన సంఘములలో అనేకులు ఇప్పుడు అమ్ముకుంటున్నారు, మార్చుకుంటున్నారు. అందుచేత ఈ సంగతి దాచక వ్రాశాము. గన్ మీద మాకు కోపము లేదు. మేస్త్రీ వెళ్ళేటప్పుడు పాతది ఒకటి మాకే ఇచ్చి వెళ్ళాడు. అది ఇప్పటికీ మా అద్దె ఇంటి అటకమీద ఉన్నది. ఇరుగుపొరుగువారు అడిగితే ఇస్తాము. సిగ్గుపడకుండ దానిని వాడవలసిన చోట్లు ఇంటినిండా ఉన్నాయి. అయితే ఇచ్చేటప్పుడు ఆ మేస్త్రీ అడిగిన ప్రశ్ననే మేమూ అడుగుతాము: “పూడ్చటానికా, కనబడకుండ చేయటానికా?” కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు మాత్రము గన్ తీసుకోకుండ, ముందు కింది వాటాకు వెళ్ళి చూచి వస్తామన్నారు.